విమానం ఎక్కకముందే ఫోన్‌కు వేసిన తాళం తీయించు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చేటప్పుడు నీ ఐఫోన్ మీ నాన్నకు, అంటే మా బావగారికి, తెచ్చి ఇస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఫోన్లు బాగుచేసినవాణ్ని కనుక, నువ్వు దాన్ని పెట్టెలో సర్దకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని రాస్తున్నాను.

ఒకసారి ఒక పెద్దాయన, కొడుకు అమెరికా నుంచి పంపిన ఫోన్‌ను చేతిరుమాలులో చుట్టుకొని నా కౌంటర్ దగ్గరికి వచ్చారు. పిన్నుతో ట్రే లాగి, ఆయన సిమ్ పెట్టి మూయగానే తెరమీద ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. ఫోన్ పాడైపోయిందా అని ఆయన కంగారుపడ్డారు. పాడవలేదు, తన నెట్‌వర్క్ సిమ్ తప్ప మరొకటి పనిచేయకుండా అక్కడి కంపెనీ వేసిన లాక్ అది. అంతకుముందే ఎవరో ఆయనకు సిమ్ కింద పెడితే లాక్‌ను ఏమార్చే పలచని చిప్ ఒకటి అమ్మారు, అది కొన్నాళ్లు పనిచేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాగానే మొరాయించింది. కొడుకు ఆ ఫోన్‌ను కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్నాడు, అవి ఇంకా మిగిలి ఉన్నాయి కాబట్టి కంపెనీ లాక్ తీయదు, ఇక్కడ నేను తీయలేను. ఆ ఫోన్ మళ్లీ రుమాలులోకే వెళ్లింది. మన దగ్గర పూర్తి డబ్బు కట్టి ఫోన్ కొని, ఇష్టమైన సిమ్ వేసుకోవడమే ఎక్కువమందికి అలవాటు కనుక, ఇలాంటి తాళం ఒకటి ఉంటుందని ఇక్కడి పెద్దవాళ్లకు తట్టదు.

ఈ విషయంలో నీకున్న హక్కు ఎంతవరకో తెలుసుకో. అమెరికాలో 1998 నాటి కాపీరైట్ చట్టం డిజిటల్ తాళాలను తప్పించడాన్ని నిషేధించింది. అక్కడ కాపీరైట్ వ్యవహారాలు చూసే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ నిషేధానికి మూడేళ్లకోసారి మినహాయింపులు ప్రకటిస్తుంది. 2006లోనూ 2010లోనూ ఫోన్ అన్‌లాకింగ్‌కు ఇచ్చిన మినహాయింపును, 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్లకు ఎత్తివేసింది. దాని మీద 1,14,000 మందికి పైగా సంతకాలు చేసి వైట్‌హౌస్‌కు విన్నవించుకున్నారు, చివరికి 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో ఆ వెసులుబాటు చట్టంగా తిరిగి వచ్చింది. సొంత డబ్బుతో కొనుక్కున్న వస్తువు గురించి అంతమంది అడిగి సాధించుకోవడం నాకు చాలా గొప్పగా తోస్తుంది. అయితే ఆ చట్టం అన్‌లాక్ చేయడం నేరం కాదంటుందే గాని, నీ ఫోన్ లాక్ తీసి తీరాలని కంపెనీని శాసించదు. ఆ పని చేస్తామని పెద్ద కంపెనీలు విడిగా మాట ఇచ్చాయి: పోస్ట్‌పెయిడ్ ఫోన్ అయితే ఒప్పందమో వాయిదాలో పూర్తయ్యాక, ప్రీపెయిడ్ అయితే యాక్టివేట్ చేసిన ఏడాదిలోపు, అడిగినవారికి తీయాలి, అడిగిన రెండు పనిదినాల్లో తీయడమో, ఆ పని మొదలుపెట్టడమో, ఎందుకు తీయరో చెప్పడమో జరగాలి.

కాబట్టి ముందుగా నీ వాయిదాలు ఎన్ని మిగిలాయో చూసి, వీలైతే కట్టేసెయ్. తర్వాత *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకొని, కంపెనీ వెబ్‌సైట్‌లో అన్‌లాక్ కోసం దరఖాస్తు పెట్టు. ఫోన్‌లో మాట్లాడినా సరే, జవాబు మాత్రం రాతపూర్వకంగా తీసుకో. అర్హత ఉండి కూడా తిప్పించుకుంటే అమెరికా ప్రభుత్వ టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చెయ్యి. దానికి పైసా ఖర్చు లేదు, కంపెనీ 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. లాక్ తీశామని వాళ్లు చెప్పినంత మాత్రాన నమ్మవద్దు. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్ తెరిచి, క్యారియర్ లాక్ అన్న చోట ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని నీ కళ్లతో చూడు.

ఇంకొక చిక్కు ఉంది. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లకు సిమ్ ట్రే ఉండదు. నీది వాటిలో ఒకటైతే, అన్‌లాక్ అయినా బావగారి సిమ్ అందులో పట్టదు, దాన్ని ఈ-సిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే సిమ్‌గా, మార్పించాలి. ఇచ్చే ముందు నీ ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ చేయడం కూడా మరచిపోవద్దు. అది వేరే తాళం, దానికి ఇక్కడ ఎవరి దగ్గరా మందు లేదు.

గడువు చాలక లాక్ తీయించలేకపోతే, ఇక్కడికి వచ్చాక ఏదో ఒక దుకాణంలో చేయించుకుందామని మాత్రం అనుకోకు. కొందరు లాక్ తీస్తామని ఐఎంఈఐ నంబరే మార్చేస్తారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం ఆ నేరానికి మూడేళ్ల వరకు జైలు గాని, 50 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఆ ఫోన్ వాడేది బావగారు కనుక, పోలీసులు ముందు ఆయన్నే అడుగుతారు. అలాంటప్పుడు ఫోన్‌ను నీ దగ్గరే ఉంచుకొని, వాయిదాలు తీరాక పంపు. అంతవరకు బావగారు తన పాత ఫోన్‌తోనే నీతో మాట్లాడతారు.

నీ ఫోన్ మోడల్, లాక్ తీసిన రోజు ఆ సెట్టింగ్స్ తెర ఫొటో నాకు పంపు. బావగారి సిమ్ మార్పించే పని నేను దగ్గరుండి చూసుకుంటాను.

ఇట్లు,
మీ మామయ్య