టేలర్ స్విఫ్ట్ పాటల్లో నిజంగా అంత సరుకుందా?

పాటల్లో పస లేకపోయినా ప్రచారం వల్లే అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్‌కు ఇంత పేరు వచ్చిందా అని అడిగారు. కానే కాదు. అనంతపురంలో నేను పిల్లలకు గిటారు, కీబోర్డు నేర్పుతాను. ఇంటర్ చదివే అమ్మాయిలు ఆమె పాటలే కావాలని పట్టుబట్టడంతో ఒక్కో పాటనూ విడదీసి చూడాల్సి వచ్చింది. ఆమె పనితనం నాకు అప్పుడే తెలిసింది.

‘ఆల్ టూ వెల్’ సంగతే చూడండి. పాట పొడవునా తిరిగేవి సి, జి, ఎ మైనర్, ఎఫ్ అనే నాలుగు కార్డులే (కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు). గిటారు పట్టిన కొత్తలో ఎవరైనా నేర్చుకునేవే. చరణాల్లో స్వరం పెద్దగా ఎగసిపడదు, మాట్లాడుతున్నట్టే సాగుతుంది. పట్టంతా మాటల్లోనే ఉంది. మొదటి చరణంలో ఆ అమ్మాయి ప్రియుడి సోదరి ఇంట్లో తన స్కార్ఫు మరిచిపోతుంది. ప్రేమ చెడిపోయాక అతను ఆమె వస్తువులన్నీ తిరిగి పంపేస్తాడు, ఆ స్కార్ఫు ఒక్కటి తప్ప. అతను కూడా ఏదీ మరిచిపోలేదని చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేదు! గీత రచయిత్రి లిజ్ రోజ్‌తో కలిసి రాసిన ఈ పాట 2012లో వచ్చింది. 2021లో పది నిమిషాల పూర్తి రూపం విడుదలైతే అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంత నిడివి ఉన్న పాట అక్కడికి చేరడం అదే తొలిసారి.

పాటలు ఎవరో రాసిపెడతారనే అపవాదు ఆమెకు కొత్త కాదు. దానికి జవాబుగానే 2010లో, ఇరవై ఏళ్ల వయసులో, ‘స్పీక్ నౌ’ ఆల్బమ్ పాటలన్నీ ఒంటరిగా రాసింది.

ఇక కచేరీలు. ఆమె ప్రపంచ కచేరీల యాత్ర ‘ఎరాస్ టూర్’ 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా 149 ప్రదర్శనలతో సాగింది. ఒక్కొక్కటి మూడు గంటల పైమాటే. టికెట్ల వసూళ్లు 200 కోట్ల డాలర్లు దాటాయి. భారతదేశానికి మాత్రం రాలేదు. అందుకే కచేరీ సినిమా విడుదలైనప్పుడు నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలను బెంగళూరు తీసుకెళ్లాను. హాల్లో ముక్కూ మొహం తెలియని పిల్లలు పూసల గాజులు మార్చుకున్నారు, ప్రతి పాటా ఒక్క మాట పొల్లుపోకుండా పాడారు. వేదిక హంగులకే వచ్చినవాళ్లకు అన్ని మాటలు కంఠతా రావు.

ఒకే ఆల్బమ్‌ను రకరకాల రూపాల్లో మళ్లీ మళ్లీ అమ్మడం నాకూ నచ్చదు, ఆ విమర్శలో న్యాయం ఉంది. కానీ ‘ఆడపిల్లల పాటలు’ అని చప్పరించేసేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. విరహం మీద మగవాడు రాస్తే కవిత్వం, ఆమె రాస్తే గోల ఎలా అవుతుంది?

మీరు వినదలచుకుంటే 2020లో వచ్చిన ‘ఫోక్‌లోర్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. అందులో ‘కార్డిగన్’, ‘ఆగస్ట్’, ‘బెట్టీ’ అనే మూడు పాటలు ఒకే ప్రేమకథను ముగ్గురి వైపు నుంచి చెబుతాయి. మూడూ ఒకే రోజు, సాహిత్యం ముందు పెట్టుకుని వినండి. ‘ఆగస్ట్’లోని అమ్మాయి మాటల దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగండి, ముగ్గురిలో ఎక్కువ నష్టపోయింది ఆమేనని నాకనిపిస్తుంది.