తొమ్మిదో భాగం దగ్గర ఆపొద్దు తల్లీ

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

చర్చి యవనస్థుల కూడికలో, నాలుగో శతాబ్దపు క్రైస్తవ బోధకుడు అగస్టీను తన బతుకు గురించి రాసుకున్న 'కన్ఫెషన్స్' చదివిస్తావట, మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా ఉంది. భయమూ వేసింది, అందుకే ఈ ఉత్తరం.

13 భాగాలకు పది వారాలు చాలవు, పదిహేను పెట్టుకో. అందరి దగ్గరా ఒకే ప్రచురణ ఉండదు కాబట్టి పేజీ నంబర్లు చెప్పకు. భాగం, అధ్యాయం, పేరా అంకెలు చెప్పు. ఆయన మనసు మారిన మిలాను తోట ఘట్టం 8.12.29, అంటే ఎనిమిదో భాగం, పన్నెండో అధ్యాయం, 29వ పేరా. ఆయనది లాటిన్ బైబిలు. అందులో కీర్తనల అంకెలు వేరు, కీర్తన 144 అని కనిపిస్తే మన బైబిల్లో 145 చూడాలి.

ఇక అసలు పొరపాటు. మనవాళ్ళు దీన్ని సాక్ష్యంలా, అంటే నేనెలా మారానో చెప్పే కథలా చదువుతారు. పదహారో ఏట పక్క తోటలో బేరికాయల దొంగతనం, కార్తేజీలో కామం, ఏళ్ళ తరబడి మానీ మతం (వెలుగు, చీకటి అనే రెండు శక్తుల పోరు అన్న మతం), 386లో ఆ మిలాను తోటలో 'తీసుకో, చదువు' అన్న పసిగొంతు, వెంటనే తెరిచి చదివిన రోమా 13:13-14, 387 ఈస్టరుకి మిలాను బిషప్పు అంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం. తొమ్మిదో భాగంలో రోము దగ్గరి రేవు ఓస్తియాలో తల్లి మోనికా కన్నుమూస్తుంది, అక్కడితో పుస్తకం మూసేస్తారు. బాప్తిస్మంతో పోరాటం అయిపోయిందని పిల్లలు నమ్ముతారు. తమలో అది అయిపోలేదని తెలిసిన రోజున దాచుకోవడం మొదలుపెడతారు.

ఇది రాసేనాటికి, 397 ప్రాంతంలో, ఆయన ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణానికి బిషప్పు, బాప్తిస్మమై పదేళ్ళు. పదో భాగంలో చెప్పేది ఇప్పుడు తానెలా ఉన్నాడో. కలల్లో పాత రూపాలు వస్తున్నాయంటాడు. తిండి దగ్గర అవసరం ఎక్కడ ఆగిందో, ఇష్టం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేనంటాడు. పాటలో మాట కంటే రాగమే కదిలిస్తే తప్పు చేశానంటాడు. ఇంట్లో కూర్చుని బల్లి ఈగను పట్టడం చూస్తుంటే మనసు అటే పోతుందంటాడు (10.35.57). ఫోను వదలలేని పిల్లలకు ఆ బల్లిని చూపించు. ముందుగా 6.8.13 చదివించు: కత్తిపోటీలు చూడనని కళ్ళు మూసుకున్న ఆయన స్నేహితుడు అలీపియుసు, జనం అరుపుకి కళ్ళు తెరిచి ఆ నెత్తురుకే మత్తెక్కిపోతాడు.

నా రెండో భయం. 'ఇప్పుడు మీవి చెప్పండి' అని కూడికలో ఎవర్నీ అడగకు, ఆడపిల్లల్ని అసలే వద్దు. చెప్పిన మాట గడప దాటుతుంది. పరుల బతుకు తెలుసుకోవడానికి ఆత్రం, తమది దిద్దుకోవడానికి బద్ధకం అని 10.3.3లో ఆయనే మనుషుల్ని మందలించాడు. ఆయన మాట్లాడేది దేవుడితో. లాటిన్‌లో కన్ఫెస్సియో అంటే పాపం ఒప్పుకోవడమే కాదు, స్తుతించడం కూడా. పుస్తకం మొదలయ్యేదే స్తుతితో. పిల్లల చేత దేవుణ్ణి 'నువ్వు' అంటూ అరపేజీ రాయించు. ఎవరికీ చూపించనక్కర్లేదు.

6.15.25కి ఒక వారం పూర్తిగా ఇవ్వు. పెళ్ళి లేకుండా తనతో ఉండి కొడుకు అదెయోదాతుసును కన్న స్త్రీని, ఆయనకు కుదిర్చిన పెళ్ళి సంబంధానికి అడ్డమని ఆఫ్రికాకు పంపేశారు. తన గుండె తెగి నెత్తురోడిందని ఆయన రాశాడు గానీ ఆమె పేరు రాయలేదు. ఎందుకు రాయలేదని పిల్లలు అడిగితే తొందరపడి జవాబు చెప్పకు, వాళ్ళనే ఆలోచించనివ్వు.

పదకొండోది కాలం గురించి. కష్టమనిపిస్తే 23వ కీర్తన కంఠతా చెప్పిస్తూ మధ్యలో ఆపు: చెప్పింది జ్ఞాపకంలో, చెప్పాల్సింది ఎదురుచూపులో ఉంటుంది. చివరి రెండూ ఆదికాండం మొదటి అధ్యాయం మీద. బైబిలు పక్కన తెరిచి పెట్టుకోండి.

తేదీలు ఖాయమయ్యాక రాయి. పదో భాగం వారం నేనూ వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటాను.

పెదనాన్న