ఫోటోడయోడ్ ఓకే అంటోంది, లాగితే వెల్డ్ ఊడొస్తోంది: ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: బ్యాటరీ మాడ్యూల్‌లో అల్యూమినియం బస్‌బార్‌ని (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) సెల్ టెర్మినల్‌కి లేజర్‌తో వెల్డ్ చేస్తున్నారు. వెల్డ్ నుంచి వచ్చే వెలుగుని చూసే ఫోటోడయోడ్ మానిటర్ అన్నిటికీ పచ్చలైటు వేస్తోంది, శాంపిల్స్ లాగి చూస్తే కొన్ని ఊడిపోతున్నాయి. ఓసీటీ (వెల్డ్ లోతుని కాంతి కిరణంతో కొలిచే పరికరం) కొనాలా అని అడిగారు. కొనేముందు క్లాంపులు విప్పి చూడండి.

ఇలాంటి లైన్‌లోనే పనిచేసేటప్పుడు నాకూ ఈ అనుభవం అయింది. ఓ రాత్రి షిఫ్ట్‌లో పుల్ టెస్ట్‌కి పంపిన మాడ్యూల్‌లో ఒక బస్‌బార్ పెద్దగా బలం పెట్టకుండానే చేతికొచ్చేసింది. పైనుంచి వెల్డ్ గీత చూడముచ్చటగా ఉంది. తిప్పి చూస్తే అడుగున కరిగి గట్టిపడిన గీత కాస్త ఉబ్బి ఉంది. దాని కింద టెర్మినల్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది, గోటితో గీసినట్టు ఒక మచ్చ, అంతే. పై రేకు కరిగింది, కిందిదాన్ని పట్టుకోలేదు. మధ్యలో సందు ఉంటే వేడి కిందికి దిగడానికి దారి ఉండదు కదా. క్లాంప్ విప్పితే దాని పాదానికి అంటుకుని ఒక స్పాటర్ గింజ (వెల్డ్ చేసేటప్పుడు ఎగిరిపడే లోహపు బొట్టు) కనిపించింది, ఆవగింజంత కూడా లేదు. బస్‌బార్ ఒక మూల పూర్తిగా కిందికి దిగకుండా ఆపింది అదే.

మరి సెన్సర్‌కి కనపడలేదా? కనపడింది. పాత గ్రాఫులు తీస్తే ఆ వెల్డ్‌లో ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ మధ్యలో చిన్న మూపురంలా లేచి ఉంది. కానీ అంతకు మూడు వారాల ముందు, మంచివి కూడా రిజెక్ట్ అవుతున్నాయని ప్రొడక్షన్ వాళ్లు గోల పెడితే, సిగ్నల్ ఎంతవరకు ఉంటే ఓకే అనే లిమిట్లు వెడల్పు చేసింది నేనే. మూపురం ఆ వెడల్పులో హాయిగా ఇమిడిపోయింది.

ఫోటోడయోడ్‌కి అందేది వెలుగు మాత్రమే: ఆవిరి మెరుపు, కరిగిన లోహం వేడి, తిరిగొచ్చే లేజర్. లోతెంత, కింద అతికిందా అన్నది దానికి తెలియదు, నిన్నటిలాగే జరిగిందా అన్నదే చెబుతుంది. అందుకే లిమిట్లు పెట్టేముందు కావాలని చెడ్డ వెల్డ్‌లు చేయండి. ఫీలర్ గేజ్ రేకుతో (సందు కొలిచే సన్నటి రేకు) 0.1, 0.2, 0.3 మిల్లీమీటర్ల సందు పెట్టి కొన్ని, పవర్ 10 శాతం తగ్గించి కొన్ని, ఫోకస్ జరిపి కొన్ని, నూనె మరక మీద కొన్ని. అన్నిటినీ లాగండి, కొన్నిటిని కోసి పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద చూడండి. మంచివాటి సిగ్నల్, చెడ్డవాటి సిగ్నల్ విడివిడిగా కనపడకపోతే ఏ లిమిట్ పెట్టినా లాభం లేదు.

లేజర్ హెడ్ కింద ఉండే రక్షణ గ్లాస్ సంగతి కూడా మర్చిపోకండి. మసి పడితే లేజర్ పవర్ తగ్గుతుంది, ఫోకస్ జరుగుతుంది. సెన్సర్ కూడా సాధారణంగా అదే గ్లాస్‌లోంచి చూస్తుంది కాబట్టి సిగ్నల్ కూడా మెల్లగా కిందికి జారుతుంది. గ్లాస్ మార్చిన రోజు ఒక్కసారిగా పైకి లేస్తుంది, అందరికీ టెన్షన్.

ఓసీటీ మంచిదే, కీహోల్ (కరిగిన లోహంలో లేజర్ చేసే సన్నటి రంధ్రం) లోతుని నేరుగా కొలుస్తుంది. కాకపోతే కొలిచే కిరణం కీహోల్‌లో సరిగ్గా పడేలా అమర్చుకోవాలి, కాస్త పక్కకు జరిగినా లోతు తప్పు వస్తుంది. పైగా లోతు సరిపోయినంత మాత్రాన రెండు రేకుల మధ్య అతుకు సరిపడా వెడల్పుగా ఉందని కాదు.

రెసిస్టెన్స్ నాలుగు వైర్ల పద్ధతిలో (కరెంటుకి రెండు, వోల్టేజ్‌కి రెండు) కొలవండి, వెల్డ్ చల్లారాకే. అల్యూమినియం, రాగి రెండింటికీ డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. కొద్దిచోటే అంటుకున్న వెల్డ్ ఇందులో పాసైపోయి, తర్వాత వైబ్రేషన్‌కి విడిపోవచ్చు. కాబట్టి పుల్ టెస్ట్ మానకండి.

బస్‌బార్ మందం ఎంతో, ఊడినవి మాడ్యూల్‌లో ఒకే చోట వస్తున్నాయా, చెల్లాచెదురుగా వస్తున్నాయా రాయండి. ఒకే చోట అయితే ముందు విప్పాల్సింది అక్కడి క్లాంపునే.