టో రోడ్డుకి, క్యాంబర్ ట్రాక్‌కి

చిన్నా,

మద్రాసు ట్రాక్ డేకి (సొంత బండ్లు రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి) పేరు ఇచ్చానని, స్విఫ్ట్‌కి అలైన్‌మెంట్ ఎంత పెట్టించాలో చెప్పమని అడిగావు. నువ్వు పంపిన నంబర్లు చూశాను. అవి తప్పని అనను. కానీ అవి ట్రెయిలర్ మీద ట్రాక్‌కి వెళ్ళే బండ్ల నంబర్లు. నీ బండి విజయవాడ నుంచి ట్రాక్ ఉన్న ఇరుంగాట్టుకోట్టై దాకా 450 కిలోమీటర్లు తన చక్రాల మీదే వెళ్ళాలి, రోజంతా ట్రాక్ మీద తిరగాలి, మళ్ళీ అవే చక్రాల మీద ఇంటికి రావాలి. సోమవారం నిన్ను ఆఫీసుకీ తీసుకెళ్ళాలి. అందుకే చెబుతున్నా: క్యాంబర్‌లో కొంచెం ధైర్యం చెయ్యి, టోలో మాత్రం పిసినారిగా ఉండు. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం ఎంత ఒరిగి ఉందో అన్నది, పైభాగం లోపలికి ఒరిగితే నెగటివ్. టో అంటే పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి (టో ఇన్) తిరిగాయా, బయటికి (టో అవుట్) తిరిగాయా అన్నది.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నెగటివ్ క్యాంబర్ పెడితే టైరు లోపలి అంచు అరిగిపోతుందని భయపడతారు, టో మాత్రం నాలుగు మిల్లీమీటర్లు బయటికి తెరిచేస్తారు. అసలు టైరుని తినేది టోనే. నీ 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. చక్రానికి 0.1 డిగ్రీ టో అంటే ఆ టైరు ముందు అంచుకీ వెనక అంచుకీ తేడా మిల్లీమీటరు. ఇంతేనా అనిపిస్తుంది. లెక్క వేస్తే, అంత మాత్రం తిరిగిన చక్రం కిలోమీటరుకి 1.7 మీటర్లు పక్కకి పోవాలని చూస్తుంది, బండి పోనివ్వదు. రానూపోనూ 900 కిలోమీటర్లకి అది ఒకటిన్నర కిలోమీటర్లు దాటుతుంది. ఆ లాగులాట అంతా రబ్బరు మీదే పడుతుంది. చక్రానికి రెండేసి మిల్లీమీటర్లు తెరిస్తే ఎంతవుతుందో నువ్వే చూసుకో.

కాబట్టి ముందు చక్రాలకి టో సున్నా పెట్టించు. మరీ మనసు లాగితే రెండు చక్రాలకీ కలిపి ఒక మిల్లీమీటరు బయటికి, అంతకు మించి వద్దు. మన బండి ముందు చక్రాలతో లాగేది కదా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుష్‌లు (కీళ్ళలోని రబ్బరు ముక్కలు) నొక్కుకుని చక్రాలు కాస్త లోపలికి తిరుగుతాయి. ఆ ఒక్క మిల్లీమీటరు అక్కడ సర్దుకుంటుంది. ఎక్కువ తెరిస్తే మలుపులోకి బండి చురుగ్గా తిరిగే మాట నిజమే, కానీ హైవే మీద స్టీరింగ్ నిలవదు. లారీల చక్రాలు పడి గాడి దేలిన లేన్‌లో అయితే బండిని పట్టుకోవడానికే చేతులు నొప్పి పుడతాయి.

వెనక యాక్సిల్ జోలికి పోకు. అది టార్షన్ బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే ఒకే దూలం), షిమ్‌లు (పలచని రేకులు) పెడితే తప్ప మారదు. ప్రింటౌట్‌లో కాస్త టో ఇన్ కనిపిస్తే సంతోషించు. వెనక టో అవుట్ పెడితే బండి బాగా తిరుగుతుందని ఎవరైనా చెబితే, వానలో నెల్లూరు దాటాక వందలో వెళ్తూ బ్రేకు తొక్కి చూశావా అని అడుగు.

ఇక క్యాంబర్. కంపెనీ ముందు చక్రాలకి ఇచ్చేది సున్నాకి దగ్గరగా ఉంటుంది. మలుపులో బండి బయటి వైపుకి ఒరిగినప్పుడు, మన స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాలు) సస్పెన్షన్‌లో బయటి చక్రం కూడా బాడీతో పాటే ఒరుగుతుంది. టైరు బయటి భుజం (నేలకి ఆనే భాగం అంచు) మీద నడుస్తుంది, లోపలి సగం ఊరికే ఉంటుంది. ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ల్యాప్‌కి పన్నెండు మలుపులు. మధ్యాహ్నానికల్లా బయటి భుజం మీది రబ్బరు గుండ్రంగా అరిగి, టైరు మధ్యలో మాత్రం కొత్తదిలా కనిపిస్తుంది. అలా టైర్లు పాడు చేసుకునే కంటే క్యాంబర్ వల్ల లోపలి అంచు కొంచెం త్వరగా అరగడం చాలా చవక.

నీకు మైనస్ 1.5 నుంచి 1.75 డిగ్రీలు చాలు. ఎడమకీ కుడికీ తేడా పావు డిగ్రీ లోపే ఉండాలి, లేకపోతే నెగటివ్ తక్కువ ఉన్న వైపుకి బండి లాగుతుంది. ఏడాదికి రెండుసార్లు ట్రాక్‌కి వెళ్ళే బండికి మైనస్ మూడు దండగ. నిటారుగా బ్రేకు వేసేటప్పుడు టైరు పూర్తిగా నేలకి ఆనదు, ఆ నష్టం కూడా లెక్కలోకి తీసుకో.

ఇది రాబట్టడానికి క్యాంబర్ బోల్టు ఒక దారి. స్ట్రట్‌నీ, చక్రం బిగించి ఉండే నకిల్‌నీ కలిపే రెండు బోల్టుల్లో పైదాన్ని తీసి ఎక్సెంట్రిక్ బోల్టు (తిప్పితే కోణం మారేది) వేస్తారు. చవకే. కానీ రెండు సంగతులు చూసుకో. టైరు పైభాగం స్ట్రట్ వైపుకి జరుగుతుంది కాబట్టి మధ్యలో వేలు దూరే సందైనా ఉందా అని చూడు. రెండోది, ఆ బోల్టు అసలుదానికంటే సన్నం, గట్టి గుంతలో పడితే జరిగే అవకాశం ఉంది. టార్క్ రెంచితోనే బిగించమను. బిగించాక బోల్టు తల మీద నుంచి స్ట్రట్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించు. గీత విరిగి కనిపిస్తే అలైన్‌మెంట్ పోయినట్టే, మిషన్ అక్కర్లేదు. స్ట్రట్ పైన బిగించే క్యాంబర్ ప్లేట్లలో ఈ సందు బాధ ఉండదు, స్ట్రట్ మొత్తం ఒరుగుతుంది. కానీ మన రోడ్ల మీద వాటి చప్పుడు నీకు నచ్చదు, మీ ఆవిడకి అసలు నచ్చదు.

స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించితే క్యాంబర్ దానంతటదే వస్తుందనే ఆలోచన ఉంటే మానుకో. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి) అడ్డంగా ఉండాల్సిన గీత దాటి పైకి తిరిగితే, బండి ఒరిగే కొద్దీ క్యాంబర్ పోవడం మొదలవుతుంది. కాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలిన కోణం) గురించి ఆలోచించకు, ఈ బండిలో అది మార్చేది కాదు. రెండు వైపులా దగ్గరదగ్గరగా ఉంటే చాలు.

షాపులో జాగ్రత్త. బండి ర్యాక్ ఎక్కకముందే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు, బుష్‌లు చూడమను. లూజున్న బండికి అలైన్‌మెంట్ చేయించడం డబ్బులు పారబోయడమే. టైర్లలో గాలి సమానంగా, ట్యాంకు సగం, డ్రైవర్ సీట్లో నీ బరువుకి సరిపడా ఇసుక బస్తా. మొహమాటపడకు, పెట్టించు. క్యాంబర్ కదిపితే టో మారుతుంది కాబట్టి టో ఎప్పుడూ చివర్లోనే. స్క్రీన్ మీద నీ మైనస్ 1.75 ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి కుర్రాడు కంగారుపడి గ్రీన్‌లోకి తేబోతాడు. గ్రీన్ అంటే కంపెనీ హద్దు మాత్రమే అని ముందే చెప్పు. ప్రింటౌట్ డిగ్రీలూ నిమిషాల్లో ఉందా, దశాంశాల్లో ఉందా చూసుకో. 1°30' అంటే ఒకటిన్నర, 1.30 అంటే కాదు. ఈ తికమకతో గొడవపడిన కస్టమర్లు నాకు బాగా తెలుసు.

ట్రాక్ మీద మొదటి సెషన్‌కి ముందు టైరు భుజం మీద తెల్ల షూ పాలిష్‌తో అడ్డంగా గీతలు గియ్యి. చాలా టైర్ల పక్కన భుజం దగ్గర చిన్న త్రికోణం ఉంటుంది. పాలిష్ ఆ త్రికోణం దాకా చెరిగితే సరే, దాన్ని దాటి కిందికి చెరిగితే ముందు గాలి రెండు పీఎస్‌ఐ పెంచి చూడు, ఆ తర్వాతే క్యాంబర్‌ని అనుమానించు. సూది ఉన్న పైరోమీటర్ (టైరు వేడి కొలిచేది) ఎవరి దగ్గరైనా ఉంటే, నిదానంగా తిరగకుండా నేరుగా పిట్‌లోకి వచ్చి లోపల, మధ్య, బయట కొలిపించు. లోపలి వైపు ఐదారు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే సెట్టింగ్ కుదిరినట్టు. బయట ఎక్కువ ఉంటే ఇంకో అర డిగ్రీ క్యాంబర్ గురించి వచ్చేసారి మాట్లాడుకుందాం.

ఇంటికొచ్చాక టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా నిమురు. రెండు వైపులకీ ఒకేలా ఉంటే టో బాగున్నట్టు. బయటి నుంచి లోపలికి నున్నగా, లోపలి నుంచి బయటికి గరుగ్గా తగిలితే టో ఇన్ ఎక్కువైంది. తిరగేసి తగిలితే టో అవుట్.

ఈ పని బయల్దేరే ముందు రోజు పెట్టుకోకు. వారం ముందే చేయించి, ఊళ్ళో నాలుగు రోజులు తిప్పి, పెయింటు గీత చూసుకుని బయల్దేరు. పని చేయకముందు షీటు, చేశాక షీటు, రెండూ ఫోటో తీసి పంపు.

బాబాయి