పాఠకుల ప్రశ్నలు – జవాబులు: స్కాట్లండ్ కొండపైకి ఒంటరిగా ఒక రోజు

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. ప్రస్తుతం గ్లాస్గోలో ఎంఎస్సీ చదువుతున్నాను. మా యూనివర్సిటీ విద్యార్థుల బృందంతో ఇక్కడ రెండు కొండలెక్కాను. చిన్నప్పటి నుంచి అలిపిరి దారిలో తిరుమలకు చాలాసార్లు నడిచాను. మే నెలలో పరీక్షలయ్యాక ఆరోకర్ దగ్గరున్న కాబ్లర్ కొండను ఒక్కదాన్నే ఎక్కి రావాలని ఉంది. నాకు కారు లేదు. అనుమతి ఏమైనా తీసుకోవాలా? ఒంటరిగా వెళ్లడం మంచిదేనా? అమ్మకు ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గ్లాస్గో

జవాబు: మీరు మంచి కొండనే ఎంచుకున్నారు. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే గంటా ఇరవై నిమిషాల్లోపు ఆరోకర్ అండ్ టార్బెట్ స్టేషన్‌లో దిగుతారు. కారు లేని లోటు తెలియదు.

అనుమతి అవసరం లేదు, రుసుమూ లేదు. 2003లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన భూసంస్కరణల చట్టం ప్రకారం, కొండ ఎవరి సొంతమైనా సరే, బాధ్యతగా మసలుకునే ప్రతి మనిషికీ దానిమీద నడిచే హక్కు ఉంది. గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లడం, గొర్రెలను బెదరగొట్టకపోవడం, చెత్తను సంచిలో వెనక్కి తెచ్చుకోవడం ఆ బాధ్యతలో భాగాలు.

కాబ్లర్ ఎత్తు 884 మీటర్లు. స్కాట్లండ్‌లో 3,000 అడుగులు దాటిన 282 శిఖరాలను, 1891లో వాటి జాబితా తొలిసారి ప్రచురించిన సర్ హ్యూ మన్రో పేరిట మన్రోలు అంటారు. కాబ్లర్ ఆ కొలతకు కొద్దిగా అందదు. అలాగని తేలిగ్గా తీసుకోకండి. నడక లాక్ లాంగ్ అనే సముద్రపు పాయ ఒడ్డున మొదలవుతుంది కాబట్టి ఆ ఎత్తంతా మీ కాళ్లతో ఎక్కవలసిందే. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన కాళ్లకు ఈ కొండ కష్టం కాదు. అయితే ఆ దారిలో అడుగడుగునా మనుషులు, నీళ్లు, పైకప్పు, విద్యుద్దీపాలు ఉంటాయి, ఇక్కడ అవేవీ ఉండవు.

దారి మొదట అడవిలో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. చిన్న ఆనకట్ట దాటాక చెట్లు పలచబడి, అక్కడివారు బటర్‌మిల్క్ బర్న్ అని పిలిచే మజ్జిగ వాగు పక్కన నడుస్తుండగా, మూడు రాతి కొమ్ములతో కాబ్లర్ ఎదురుగా నిలబడుతుంది. ఆ కొమ్ములలో ఒకటి, వంగి చెప్పులు కుడుతున్న మనిషిలా కనిపిస్తుందని ఆ పేరు వచ్చింది. ఆపైన నార్నెన్ బండలనే రెండు పెద్ద రాళ్లు వస్తాయి. భోజనానికి అంతకంటే మంచి చోటు ఆ కొండపై లేదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒంటరిగా నడవడంలో ప్రమాదం ఏకాంతంలో లేదు. ‘ఇక చాలు, దిగిపోదాం’ అనేవారు పక్కన లేకపోవడంలో ఉంది. అందువల్ల ఆ మాట ముందే చెప్పుకొని బయలుదేరాలి. 1892లో విలియం నేస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు ఇచ్చిన లెక్క నేటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. స్టేషన్ నుంచి రానూపోనూ 16 కిలోమీటర్లు వేసుకుంటే నడకే నాలుగున్నర గంటలు దాటుతుంది. విశ్రాంతితో కలిపి ఆరున్నర గంటలు ఉంచుకోండి. ఆ మార్గంలో రోజుకు కొన్ని రైళ్లే ఉంటాయి. మీరు ఎక్కదలచిన తిరుగు రైలు నుంచి వెనక్కి లెక్కగట్టి, శిఖరం అందినా అందకపోయినా వెనుదిరగవలసిన సమయాన్ని ఇంట్లోనే కాగితంపై రాసుకోండి.

నేను ఒకసారి ఇదే కొండపై, ఒంటిగంటకు తిరగాలని రాసుకొని వెళ్లాను. శిఖరానికి దారితీసే రాతి మెట్ల దగ్గర మబ్బు దిగి, పది అడుగుల అవతల మెట్టు కూడా కనిపించలేదు. చేతులు కొంకర్లు పోయి పులిహోర డబ్బా మూత రాలేదు. మోకాళ్ల మధ్య పెట్టి మణికట్టుతో తిప్పి తీశాను. అప్పటికి ఒంటిగంటా ఐదు. మరో పావుగంటలో శిఖరం అని తెలుసు. కాగితం తీసి చూసుకొని వెనుదిరిగాను. స్టేషన్‌కు చేరేసరికి మబ్బు విడిపోయి మూడు కొమ్ములూ ఎండలో మెరుస్తున్నాయి. బాధ కలిగింది, నిజమే. ఆరు వారాల తర్వాత మళ్లీ వెళ్లి ఎక్కాను.

మరో మాట గట్టిగా చెబుతాను. మధ్య కొమ్మే అసలు శిఖరం. దాని చివరకు చేరాలంటే బండలోని కన్నంలోంచి దూరి, అవతల లోయపై సన్నని అంచున నడవాలి. చాలామంది ఆ కన్నం దగ్గరే ఆగిపోతారు. ఒంటరిగా, తడి రాయిపై ఆ ప్రయత్నం చేయకండి. ఉత్తరపు కొమ్ముపైకి నడుచుకుంటూ వెళ్లవచ్చు, చూపు అక్కడి నుంచీ అంతే దూరం సాగుతుంది.

ముందురోజు సాయంత్రం మెట్ ఆఫీస్ పర్వత వాతావరణ సూచన చూడండి. ఊళ్లో వాన పడుతుందా అన్నదానికంటే, శిఖరాలపై గాలి వేగమూ మబ్బు ఎంత కిందికి దిగుతుందన్నదీ ముఖ్యం. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. వాన కోటు, వాన ప్యాంటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు, తలకు కట్టుకునే దీపం, ఈల, కాగితపు మ్యాపు, దిక్సూచి తప్పనిసరి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక దానినొక్కదాన్నే నమ్ముకోవద్దు. తిరిగి వచ్చాక మోకాళ్ల వెనుక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. వాటివల్ల లైమ్ జ్వరం రావచ్చు.

ఆపద వస్తే 999కు ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవారు స్వచ్ఛంద సేవకులు, రుసుము తీసుకోరు. మాట్లాడేంత సిగ్నల్ లేకపోయినా ఒక్కోసారి సందేశం వెళుతుంది కాబట్టి, ఈ రోజే మీ ఫోను నుంచి రిజిస్టర్ అనే ఇంగ్లీషు మాటను 999కు పంపి ఆ సేవలో పేరు నమోదు చేసుకోండి. ఏమీ అందకపోతే ఈలను నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

అమ్మగారి దగ్గర దాచకండి. మీ దారి, తిరుగు సమయం రాసిన కాగితాన్ని ఫొటో తీసి ఆమెకూ, గ్లాస్గోలో ఉన్న ఒక స్నేహితురాలికీ పంపండి. ఫలానా గంటకల్లా కబురు రాకపోతే పోలీసులకు ఫోన్ చేయవలసింది ఆ స్నేహితురాలే, ఎందుకంటే గుంటూరు నుంచి 999 కలవదు. ఆమె నంబరు అమ్మగారి దగ్గర ఉండాలి. కిందికి దిగి సిగ్నల్ అందగానే, రైలు కోసం ఎదురుచూడకుండా ఇంటికి ఫోన్ చేయండి. మే నెలలో అక్కడ సాయంత్రం ఆరు అయితే గుంటూరులో రాత్రి పదిన్నర. అమ్మగారు పడుకొని ఉండరు.