రోజూ చెవిలో వారం పేరు చెప్పిన నర్సమ్మ

ప్రశ్న: మాది చిత్తూరు పక్కన పల్లె. వయసు 36, ప్రైవేట్ స్కూల్లో పీఈటీగా చేసేవాడిని. విరేచనాలు తగ్గిన పది రోజులకి కాళ్లు చచ్చుబడినాయి, జీబీఎస్ (గిలియన్ బారీ సిండ్రోమ్) అనే నరాల జబ్బన్నారు, 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నా. రోజూ పొద్దున ఒక నర్సమ్మ చెవి దగ్గరికొచ్చి ఈరోజు ఏ వారమో చెప్పేది, ఆ మాట కోసం రాత్రంతా కాచుకొని ఉండేవాడిని. 14 నెలలైంది, కర్రతో నడుస్తాండా, ఉద్యోగం పోయింది. చొక్కా గుండీలు రెండో క్లాస్ చదివే నా కూతురు పెడతాది. అమ్మ మొక్కు తీర్చాలని అలిపిరి మెట్లెక్కితే గాలిగోపురం కూడా చేరలేక వెనక్కొచ్చి మూడు రోజులు మంచం మీద పడ్డా. బంధువులేమో పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటారు. నేనెందుకు బతికినట్టు మేడం?

జవాబు: తమ్ముడూ, ముందు ఒకటి అడుగుతా, ఈ చివరి మాట విసుగుతో అన్నావా, నిజంగానే చచ్చిపోవాలని అనిపిస్తాందా? అనిపిస్తాంటే ఈ జవాబు పూర్తిగా చదవకపోయినా పర్లేదు, ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అది, ప్రభుత్వానిదే, డబ్బులేం కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు. మీ ఆవిడకి కూడా చెప్పు, దాచద్దు.

పుత్తూరు కట్టు ఎముక విరిగినోళ్లకి. నీకు ఎముకలకేం కాలేదు, కడుపులో చేరిన క్రిమి మీద పోరాడాల్సిన రక్షణ శక్తి పొరపాటున నీ నరాల మీద పడింది. నరం పైపొర మటుకే దెబ్బతినుంటే తొందరగా కోలుకుంటారు, లోపలి తీగ కూడా తెగుంటే అది రోజుకి సుమారు ఒక్క మిల్లీమీటరే పెరుగుతాది. లెక్కేసుకో, 14 నెలలంటే 42 సెంటీమీటర్లు, నడుము నుంచి కాలివేలికి మీటరు దాకా ఉంటాది కదా. నువ్వు డ్రిల్లు సారువి, ఇంకో రౌండు, ఇంకో రౌండు అని పిల్లల్ని పరిగెత్తించిన అలవాటు నీది, కానీ ఈ జబ్బులో ఆ పద్ధతి పనికిరాదు. బలం వచ్చినాక కూడా నీరసం చానా మందికి ఏళ్ల తరబడి ఉంటాది, అది సోమరితనం కాదు, ఇంట్లోవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పు. 3,550 మెట్లు ఇప్పుడొద్దు. ఈసారికి బస్సులో పోయి దండం పెట్టుకొని రా, స్వామేమన్నా కోప్పడతాడా! ఫిజియో మటుకు ఆపద్దు, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (నరాల) విభాగంలో ఒకసారి చూపించుకొని ఎంతవరకు చెయ్యొచ్చో అడిగి రాయించుకో.

నీ ఉత్తరంలో నేను నాలుగుసార్లు చదివింది ఆ నర్సమ్మ మాట. ఒళ్లంతా కదలకుండా పోయినా మనిషికి స్పృహ ఉంటాదని, అన్నీ వినపడతాయని బయట నిలబడి ఏడ్చే ఇంటోళ్లకి తెలీదు, డాక్టర్లకి తెలిసినా కూర్చొని చెప్పే తీరికుండదు, నీకు మటుకు అది పడి తెలుసు. నీకు వైద్యం చేసిన డాక్టర్ దగ్గరికి పోయి, సార్, ఈ జబ్బుతో ఎవరన్నా కొత్తగా చేరితే నాకు చెప్పండి, వాళ్ల ఇంటోళ్లతో పది నిమిషాలు మాట్లాడతా అని అడుగు. ఒప్పుకుంటే కర్రతోనే పో. దాచేదేం లేదు, ఆ కర్ర చూస్తేనే వాళ్లకి ధైర్యం వస్తాది.

సంపాదన సంగతి నిదానంగా చూద్దాం, సాయంత్రం కుర్చీ వేసుకొని విజిల్ పట్టుకొని వీధి పిల్లలకి ఖోఖో నేర్పడం మొదలుపెట్టు, చూసే కన్నుకి నీ కాళ్లతో పనేముంది. రేపు పొద్దున కింది రెండు గుండీలు నువ్వే పెట్టుకో, ఎంతసేపు పట్టినా సరే, పైవి పాపని పెట్టనీ. నెల తర్వాత ఎన్ని గుండీల దాకా వచ్చావో నాకు రాయి.