కథకు క్యాలెండర్‌లో చోటు

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు, బెజవాడలో ఉద్యోగం, రాకపోకలకే రోజూ మూడు గంటలు. ఫోన్‌లో నాలుగు ప్లానింగ్ యాప్‌లు, అరవై పనుల జాబితా. అందులో నాలుగు నెలలుగా కదలకుండా కూర్చున్నది ఒకటి: ‘మిర్చి యార్డు కథ పూర్తి చేయాలి.’

ముందు దాని సంగతి చూద్దాం. అది కోరిక. జాబితాలోకి ఎక్కాల్సింది ఒక్క విడతలో తెమిలేది, అయిందో లేదో చూడగానే తెలిసేది. ‘కమీషన్ కొట్లో బేరం సన్నివేశం, మొదటి చిత్తు, 300 మాటలు’ అని రాస్తే అది పని. ‘టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) కాయ తీసి చూసే తీరు, తేమ, రంగు పోయిన తాలు కాయ: యార్డులో అడగాల్సిన 5 ప్రశ్నలు’ అన్నదీ పనే. ఆ ప్రశ్నలు పట్టుకుని వెళ్లడం మూడో పని. అక్కడే ఉంది చిక్కంతా. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. నీకు తీరిక దొరికేదీ ఆ రెండు రోజులే. అంటే వారం మధ్యలో ఆఫీసుకు ఒక సెలవు పెట్టాలి. ‘కథ ఆగిపోయింది నా బద్ధకం వల్లే’ అని రాశావు. నాకు మాత్రం నువ్వు పెట్టని ఆ సెలవు చీటీయే కనిపిస్తోంది.

నాలుగు యాప్‌లలో రెండు తీసెయ్. ఒక క్యాలెండర్, ఒక పనుల జాబితా చాలు. గూగుల్ క్యాలెండర్, గూగుల్ టాస్క్స్ అయితే ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. పనికి తేదీ ఇస్తే అది క్యాలెండర్‌లోనూ కనిపిస్తుంది. నోషన్ అనే నోట్స్ యాప్‌లో రంగురంగుల పేజీలు కట్టుకోవడం మహా సరదాగా ఉంటుంది కానీ, పందిరి వేయడంతోనే ముహూర్తం దాటిపోతుంది. జాబితాలో అరవై పనులైనా హాయిగా పడతాయి. వాటిని గంటల్లో సర్దబోతేనే పట్టవని తెలిసేది. పట్టనివి ఏవో చూసి, ఈ నెలకు వద్దనుకున్నవి ఆ రోజే కొట్టెయ్.

క్యాలెండర్‌లో ముందు నీ చేతిలో లేనివి వెయ్యి: ఆఫీసు, బస్సు, నిద్ర, ఇంటి పనులు. పండగలు కూడా. దసరా తొమ్మిది రోజులు, అందులోనూ మూలా నక్షత్రం నాడు, దుర్గగుడి రద్దీకి బెజవాడలో బస్సు ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. ఆ వారం రాత పెట్టుకోకు. జనవరిలో పుస్తకాల పండగకు పోయే సాయంత్రాలూ అంతే. ఇవన్నీ పోగా మిగిలిన చోట 45 నిమిషాల విడతలు, వారానికి నాలుగు. ఉదయం 5.30 అనుకుందాం. ప్రతి వారం దానంతటదే వచ్చేలా పెట్టు. ఒకరోజు కుదరక జరపాల్సి వస్తే, ఈ ఒక్కటేనా, ఇకమీదట వచ్చేవన్నీనా, మొత్తమా అని అడుగుతుంది. తొందరలో ‘మొత్తం’ నొక్కావంటే నెలల తరబడి మంగళవారాలన్నీ బుధవారాలైపోతాయి. ‘ఈ ఒక్కటే’ నొక్కు.

బస్సులో రాయాలని చూడకు. ఆలోచనలు పట్టుకోవడానికి మాత్రం బస్సును మించింది లేదు. గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు చేర్చుకుని మైకు నొక్కి చెబితే టైపవుతుంది. ఇంజను రొదలో పేర్లు చెడతాయి, యాస మాటలను తనకు తెలిసిన మాటలుగా మార్చేస్తుంది, వాక్యం ఎక్కడ ఆగిందో తెలియదు. ఆ రాత్రే ఐదు నిమిషాలు కూర్చుని దిద్దుకోవాలి. మూడు రోజులు వదిలేస్తే నువ్వు చెప్పింది నీకే అర్థం కాదు.

ఇక గడువు లెక్క. పత్రికకు 1500 మాటల కథ, ఆఖరి తేదీ 30 అనుకో. నీకు 45 నిమిషాలకు 300 మాటలు వస్తాయనుకుంటే చిత్తుకు 5 విడతలు, దిద్దుకోవడానికి 2, అచ్చుతప్పులు చూసి పంపడానికి 1. మొత్తం 8. ఇక్కడే అందరం బోల్తా పడతాం. మన పని ఎంతసేపట్లో అవుతుందో మనమే తక్కువగా అంచనా వేస్తామని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. కాబట్టి సగం కలుపు: 12 విడతలు, వారానికి నాలుగు చొప్పున మూడు వారాలు. చిత్తుకూ దిద్దుబాటుకూ మధ్య కథ మొహం చూడకుండా 4 రోజులు. వెరసి 25 రోజులు. నీ సొంత గడువు 26 అని పెట్టుకుంటే ఒకటో తారీఖునే మొదలవ్వాలి. మిగిలిన నాలుగు రోజులూ ఊరికే ఉంచినవి కావు. ఫోన్‌లో టైపు చేసే యూనికోడా, డీటీపీ వాళ్లు వాడే అను ఫాంటా, పీడీఎఫ్ ఒప్పుకుంటారా అన్నది పత్రిక ప్రకటనలో ముందే చూసుకో. ఒక ఫాంటులోంచి ఇంకోదాంట్లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, మళ్లీ ఒకసారి మొత్తం చదవక తప్పదు.

300 అన్నది నా ఊహ. నీది ఎంతో రెండు వారాలు కొలిచి చూడు. విడత అవగానే ఆ రోజు ఈవెంట్ కిందే మాటల సంఖ్య వేసుకో. సున్నా అయితే సున్నా అనే వెయ్యి.

రిమైండర్లు రోజుకు రెండు దాటనివ్వకు. పది మోగితే చెవి వాటికి అలవాటు పడి, పదకొండోది వినబడదు. అసలు మోగడమే లేదంటే చాలావరకు ఫోన్ బ్యాటరీ పొదుపు పనే అది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ వాడకాన్ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చెయ్యి. రాసే ముప్పావుగంట ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టు; ఇంట్లోవాళ్ల నంబర్లకు మినహాయింపు ఇవ్వు, లేకపోతే ఆ కంగారుతోనే ఫోన్ చూస్తూ ఉంటావు.

ఆదివారం సాయంత్రం అరగంట జాబితా ముందేసుకుని కూర్చో. మూడు వారాలుగా ముందుకు జరుపుతూ వచ్చిన పని ఉంటే దాన్ని నాలుగోసారి జరపకు. ముక్కలు చెయ్యి, లేదా తీసెయ్. పంపిన కథలకు వేరే పట్టిక పెట్టు: కథ పేరు, పత్రిక, పంపిన తేదీ, జవాబు. ఇది లేకనే ఒకే కథ రెండు పత్రికలకు వెళ్లి మాట పడాల్సి వస్తుంది.

రేపు సోమవారం. ఆఫీసుకు వెళ్లగానే సెలవు చీటీ ఇవ్వు. సెలవు దొరికిన రోజు యార్డుకు పొద్దున్నే వెళ్లు. ఐదు ప్రశ్నలూ ఫోన్‌లోనే కాదు, చిన్న కాగితం మీద కూడా రాసుకో. మిర్చి ఘాటుకు కళ్లు మండుతుంటే స్క్రీన్ చదవలేవు.

రెండు వారాల మాటల లెక్క నాకు పంపు. పత్రికకు ఏ నెల మాట ఇవ్వొచ్చో అప్పుడు చూద్దాం.

ఉంటాను.